పిల్లలు కదలరు, సరిగ్గా తినరు... ఏం చేయమంటారు టీచర్ గారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఎదిగే పిల్లల తిండి గురించీ, ఆటల గురించీ. అందుకే మిగతావాటిని వచ్చే నెలకి వాయిదా వేసి మొత్తం పేజీలన్నీ వీటికే ఇచ్చేశాను. కొత్త పాఠకులకి ఒక మాట: నేను డాక్టర్ని కాను, డ్రిల్లు టీచర్ని. ఉద్యోగం చేసినన్నాళ్లూ మెడలో ఈల వేసుకుని పదేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల మధ్యే తిరిగాను. ఏది ఇంట్లో సర్దుకోవచ్చో, ఏది డాక్టర్‌కి చూపించాలో ఆ మాత్రం తెలుసు.

*ప్రశ్న: టీచర్ గారూ, మా అబ్బాయికి 14 ఏళ్లు. పొద్దున ఏమీ ముట్టకుండానే స్కూలుకి పరిగెడతాడు. సాయంత్రం రాగానే బ్యాగు విసిరేసి చిప్స్ ప్యాకెట్, కూల్‌డ్రింక్ పట్టుకుని గదిలోకి పోతాడు. ఇక ఫోనే లోకం. రాత్రి భోజనానికి పిలిస్తే ఆకలి లేదంటాడు. అరిచాను, బతిమాలాను, వైఫై ఆపేశాను. నాతో మాట్లాడటం మానేశాడు తప్ప ఏమీ మారలేదు.*
*– విసిగిపోయిన ఒక తల్లి*

జవాబు: అమ్మా, మీ అబ్బాయికి వేసేది నిజమైన ఆకలేనని ముందు నమ్మండి. ఆడపిల్లలు దాదాపు 12 ఏళ్లప్పుడు, మగపిల్లలు 14 ఏళ్లప్పుడు జోరుగా పొడుగు సాగుతారు. ఆ జోరులో మగపిల్లాడు ఒక్క ఏడాదిలో 9, 10 సెంటీమీటర్లు కూడా పెరుగుతాడు. పొద్దున తినలేదు, మధ్యాహ్నం బాక్సులో సగం వదిలేసి ఉంటాడు, ఇంటికొచ్చేసరికి కడుపు నకనకలాడుతుంటుంది. ఆ నిమిషంలో చేతికి ఏది అందితే అదే లోపలికి పోతుంది. మీ ఇంట్లో అందేది చిప్స్ ప్యాకెట్. అది చింపడానికి రెండు సెకన్లు చాలు. మీరు పెట్టాలనుకున్నది కూడా అంతే సులువుగా అందాలి.

ఒకసారి మీ ఫ్రిజ్ తెరిచి చూడండి. పళ్లు ఎక్కడున్నాయి? చాలా ఇళ్లలో ఒకటే చోటు: అడుగు డ్రాయర్లో, కవర్లో, ముడి వేసి. ఆ ముడి విప్పి, కడిగి, కోసుకుని తినే 14 ఏళ్ల పిల్లాడు నాకైతే ఇంతవరకు తగల్లేదు. అదే పండు ముక్కలు కోసి, వాడు బ్యాగు పడేసే బల్ల మీద పళ్లెంలో పెట్టండి. పక్కన పొట్టు తీసిన ఉడికించిన గుడ్లు రెండు, పైన కాస్త మిరియాల పొడి. కాదంటే గుప్పెడు వేయించిన వేరుశనగలు, గ్లాసు పాలు. మధ్యాహ్నం మిగిలిన పప్పో కూరో ఉంటే అదే వేడి చేసి గిన్నెలో పెట్టండి. పెట్టేసి అవతలికి వెళ్లిపోండి. ‘ఇది ఒంటికి మంచిది నాన్నా’ అన్నారో, ముట్టడు. ఆ వయసులో నాలుక కంటే పౌరుషం పెద్దది.

ఎలిన్ శాటర్ అనే అమెరికన్ పోషకాహార నిపుణురాలు చెప్పిన పద్ధతి ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చుని తినాలి అన్నవి పెద్దవాళ్ల పనులు. పెట్టినవాటిలో ఏది తినాలి, ఎంత తినాలి అన్నవి పిల్లల పనులు. మన ఇళ్లలో ఇది సరిగ్గా తిరగబడుతుంది. ఏం తెచ్చిపెట్టాలో పిల్లలు ఆర్డర్ వేస్తారు, ఎన్ని ముద్దలు మింగాలో మనం లెక్కపెడతాం.

ఇక కూల్‌డ్రింక్. 330 మిల్లీలీటర్ల కోలా టిన్నులో సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది, అంటే ఎనిమిది, తొమ్మిది టీస్పూన్లు. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి పైనుంచి కలిపే చక్కెరలూ, తేనె, పళ్లరసాల్లో ఉండేవీ అన్నీ కలిపి 50 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అందులో సగానికి తగ్గిస్తే ఇంకా మేలని కూడా అంటుంది. అలాగని రేపటి నుంచి కఠిన నిషేధం పెట్టకండి. జెన్నిఫర్ ఫిషర్, లీయన్ బర్చ్ అనే పరిశోధకులు చిన్నపిల్లల మీద చేసిన ఒక ప్రయోగం 1999లో అచ్చయింది. కంటికి కనిపిస్తూ చేతికి అందకుండా పెట్టిన చిరుతిండి మీద పిల్లల ధ్యాస ఇంకా పెరిగిందని తేలింది. వాళ్లు బడికి కూడా రాని పిల్లలు, నిజమే. 14 ఏళ్లవాళ్లయితే తాళం తీసే దారి కూడా వెతుక్కుంటారు! అందుకని బీరువాలో దాచొద్దు, ఇంటికి తేవడమే మానేయండి. స్నేహితులతో బయట తాగితే తాగనివ్వండి, ఇంటికొచ్చాక ఆరా తీయొద్దు. ఇంట్లో మాత్రం దాహానికి నీళ్లు. మీ వారికి కూడా.

పొద్దున తినకపోవడం గురించి అడిగారు. దాని మూలం ముందు రాత్రిలో ఉంది. యుక్తవయసు మొదలయ్యాక నిద్ర తెప్పించే మెలటోనిన్ హార్మోన్ చిన్నప్పటికంటే ఆలస్యంగా ఊరుతుంది. పదింటికి పడుకోమంటే నిద్ర పట్టడం లేదనేది అన్నిసార్లూ సాకు కాదు. దానికి తోడు ఫోను. 13 నుంచి 18 ఏళ్ల పిల్లలకి రోజుకి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఒంటిగంటకి పడుకుని ఆరున్నరకి లేచినవాడికి ఏడింటికి ఆకలేం వేస్తుంది? ఛార్జర్లన్నీ హాల్లో ఒకే చోట పెట్టండి. మీదీ, వాళ్ల నాన్నదీ కూడా అక్కడే. పెద్దవాళ్ల ఫోన్లు మంచం మీదికి వెళ్లి పిల్లాడిది మాత్రం హాల్లో ఉండాలంటే ఆ రూలు ఎన్నాళ్లో నిలవదు. ఈలోగా పొద్దున తినలేకపోతే ఒక అరటిపండు, గుప్పెడు పల్లీలు బ్యాగులో వేసి పంపండి. మొదటి విరామంలో తింటాడు.

వైఫై సంగతి మీరే రాశారు కదా, పనిచేయలేదని. ఆన్ చేసేయండి.

*ప్రశ్న: మేడం, చక్కెర జబ్బు మా ఇంట్లో తరతరాలుగా ఉంది. మా నాన్నగారు దానితోనే పోయారు. మా వాడికి 15 ఏళ్లు. జంక్ ఫుడ్ వల్ల ఏమవుతుందో ఎన్ని వీడియోలు చూపించినా, ఎంత భయపెట్టినా ‘సరే నాన్నా’ అని మళ్లీ అదే తింటున్నాడు. వీడికి భయం ఎలా పుట్టించాలి?*
*– ఒక తండ్రి*

జవాబు: అయ్యా, మీ భయం న్యాయమైనదే. కానీ అది మీ వయసు భయం. నలభై ఐదేళ్లకి వచ్చే జబ్బు పదిహేనేళ్లవాడికి పక్కింటివాళ్ల సంగతిలాగే వినిపిస్తుంది. వాడి కోపం వేరే చోట ఉంటుంది. తనని ఎవరైనా చిన్నపిల్లాడిలా చూస్తేనో, ఎవరైనా తనని మోసం చేస్తేనో రగిలిపోతాడు. అక్కడ పట్టుకోండి.

ఊరికే అనడం లేదు. అమెరికాలోని టెక్సాస్‌లో 8వ తరగతి పిల్లలతో క్రిస్టఫర్ బ్రయన్, డేవిడ్ యేగర్ బృందం చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. కొందరు పిల్లలకి మామూలు ఆరోగ్య పాఠం చదివించారు. ఇంకొందరికి మాత్రం తిండి కంపెనీలు తినడం ఆపబుద్ధి కాకుండా ఎలా తయారుచేస్తాయో, చిన్నపిల్లల మీదా పేదల మీదా ఎలా గురిపెట్టి ప్రకటనలు ఇస్తాయో చదివించారు. మర్నాడు వేరే వంకతో చిరుతిళ్లు ఎంచుకోమంటే, ఆ రెండో గుంపు పిల్లలు చిప్స్, కూల్‌డ్రింకుల్లాంటివి తక్కువ ఎంచుకున్నారు. 2019లో వచ్చిన తరువాతి ప్రయోగంలో పిల్లల చేతికి ప్రకటనల బొమ్మలిచ్చి, అబద్ధాలు కొట్టేసి నిజాలు రాయమన్నారు. గోడల మీద రాతలు రాసినట్టు చెలరేగి రాశారట. ఆ ప్రభావం, ముఖ్యంగా మగపిల్లల్లో, స్కూలు క్యాంటీన్లో కొనేవాటి మీద దాదాపు మూడు నెలలు కనిపించింది. మూడు నెలలంటే తక్కువేమీ కాదండీ. నేను చెప్పిన పాఠం గంట కొట్టేవరకు గుర్తున్నా సంతోషించిన రోజులున్నాయి.

మీరు చేయగలిగింది ఇది. వీడియోలు ఆపేయండి. ఒక ఆదివారం మీ అబ్బాయికి ఇష్టమైన ప్యాకెట్ వాణ్ణే తెమ్మనండి, ఇద్దరూ కలిసి తినండి కూడా. తింటూ వెనక్కి తిప్పండి. కావలసిన పదార్థాలు అని సన్నటి అక్షరాల్లో ఉంటుంది చూడండి, చాలా దేశాల్లో నిబంధన ఒకటే: ఏది బరువులో ఎక్కువ ఉంటే దాని పేరు ముందు రాయాలి. ముందువైపు నారింజ పండు బొమ్మ నిగనిగలాడుతుంటుంది. వెనక మొదట నీళ్లు, తరువాత చక్కెర, పండు రసం పేరు ఎక్కడో కింద ఉండొచ్చు. తరువాత ‘ఒక సర్వింగ్’ అన్న గీత వెతకమనండి. చేతిలో పట్టేంత ప్యాకెట్‌నే రెండు, మూడు సర్వింగులుగా లెక్కగట్టి, కేలరీల అంకె చిన్నగా కనిపించేలా రాస్తారు. ‘ఈ ప్యాకెట్టుని ఎవరైనా మూడు రోజులు దాచుకుని తింటారా?’ అని మీరు అడగక్కర్లేదు, వాడే అడుగుతాడు. లెక్కలు బాగా వచ్చిన పిల్లాడైతే ఇంక వదలడు, ఇంట్లో ఉన్న ప్రతి డబ్బా తిప్పి చూస్తాడు. మీరు ఆరోగ్యానికి మంచిదని కొనుక్కొచ్చుకున్న బిస్కెట్ల డబ్బా కూడా. దానికి సిద్ధంగా ఉండండి.

వంశంలో చక్కెర జబ్బు ఉందని డాక్టర్‌కి మాత్రం చెప్పి, పరీక్ష అవసరమో కాదో అడగండి. అది వాడి ముందు రోజూ పాడే పాట కాకూడదు.

*ప్రశ్న: టీచర్, నాకు 15. ఎయిత్ దాకా స్కూల్లో లాంగ్ జంప్, కబడ్డీ రెండూ ఆడేదాన్ని. ఇప్పుడు మానేశాను. పరిగెత్తితే ఒళ్లు కదులుతుంది, అందరూ చూస్తున్నట్టు ఉంటుంది. పీరియడ్స్‌లో మరకైతే ఎలాగని టెన్షన్. అమ్మ కూడా ఆటలెందుకులే అంటుంది. కానీ గ్రౌండ్ వైపు చూస్తే ఏడుపొస్తోంది.*
*– పేరు వద్దు*

జవాబు: అమ్మాయ్, నీ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. నీలాంటివాళ్లని ఎంతమందిని చూశానో. ఏడో తరగతిలో జింకపిల్లలా దూకిన పిల్ల తొమ్మిదికొచ్చేసరికి దుపట్టా సర్దుకుంటూ గ్రౌండ్ గట్టు మీద కూర్చుంటుంది. కాలినొప్పి, కడుపునొప్పి అని చీటీలు తెస్తుంది. చాలామంది టీచర్లు ఆ చీటీ మీద సంతకం పెట్టి వదిలేస్తారు. అసలు సంగతి నువ్వు రాసిందే.

నువ్వు ఒక్కదానివే కాదు. 2016 వరకు సేకరించిన లెక్కలతో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు చూస్తే, 11 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 81 శాతం మందికి చాలినంత ఒంటి కదలిక లేదు. మగపిల్లల్లో 78, ఆడపిల్లల్లో 85.

ఇప్పుడు పని మాటలు. ఒళ్లు కదులుతోందన్న ఇబ్బందికి మందు స్పోర్ట్స్ బ్రా. మామూలు బ్రా పరుగుకి చాలదు, సిగ్గే కాదు నొప్పి కూడా పుడుతుంది. కొనేటప్పుడు అక్కడే వేసుకుని నాలుగుసార్లు ఎగిరి చూడు. పైకి కిందకి కదలకూడదు, అలాగని ఊపిరి బిగపట్టకూడదు. కింది పట్టీ కింద రెండు వేళ్లు దూరాలి, పిడికిలి దూరిందంటే వదులు. అమ్మని అడగడానికి మొహమాటమైతే ఈ పేజీ మడిచి ఆమె చదివే చోట పెట్టు.

పీరియడ్స్‌లో ఆడకూడదన్నది వట్టి మాట. ఆడొచ్చు, చాలామందికి కాస్త కదిలితే కడుపునొప్పి కూడా తగ్గుతుంది. ముదురు రంగు ట్రాక్ ప్యాంట్ వేసుకో, లోపల బిగుతైన షార్ట్స్ ఇంకొకటి. బ్యాగులో ఒక ప్యాడ్, ఒక జత లోదుస్తులు ఎప్పుడూ ఉంచుకో. మరీ నొప్పిగా, నీరసంగా ఉంటే ఆ ఒక్క రోజు మానెయ్, నెలంతా కాదు. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరగడం, ప్యాడ్లు గంటకోసారి మార్చాల్సి రావడం ఉంటే మాత్రం డాక్టర్ దగ్గరికి వెళ్లి రక్తం పరీక్ష చేయించుకో. రక్తహీనత ఉన్న పిల్ల బద్ధకస్తురాలిలా కనిపిస్తుంది, కాదు పాపం. ఆకుకూరలు, పప్పులు, గుడ్లు, మాంసం తినేవాళ్లయితే మాంసం, వాటితో పాటు నిమ్మకాయ పిండుకోవడమో, పుల్లటి పండో. అందులోని విటమిన్ సి ఇనుముని ఒంటికి పట్టిస్తుంది. భోజనంతో టీ తాగితే అదే ఇనుము పట్టకుండా పోతుంది.

ఇక అమ్మకి. అమ్మా, ఎముకల్లో చేరే బలంలో చాలా భాగం ఈ వయసులోనే చేరుతుంది. దూకే ఆటలు, పరిగెత్తే ఆటలు అందుకే. ముప్పై ఏళ్లు దాటాక ఆ ఖాతాలోంచి తీయడమే ఉంటుంది, వేయడం ఉండదు. మీ అమ్మాయి ఏడుపు ఆపుకుని గ్రౌండ్ వైపు చూస్తోంది. కబడ్డీ ఆడే పిల్లకి కూతకి వెళ్లే దమ్ము ఎక్కణ్నుంచి వస్తుందో అడిగి చూడండి, చెప్తుంది.

అమ్మాయ్, వెంటనే అందరి మధ్యకీ వెళ్లకపోయినా పర్వాలేదు. నీలాగే మానేసిన ఇంకొక పిల్లని వెతుక్కో, కచ్చితంగా ఉంటుంది. ఇద్దరూ కలిసి వెళ్లి మీ టీచర్‌ని అడగండి, ఆడపిల్లలకి విడిగా అరగంట గ్రౌండ్ ఇమ్మని. ఇద్దరు అడిగితే కాదనడం కష్టం. లాంగ్ జంప్ మొదట నిలబడిన చోటు నుంచే దూకు, తరువాత పరుగు కలుపుకుందువు.

*ప్రశ్న: మా అబ్బాయిని తెల్లవారుజామున 5 గంటలకి లేపి పరిగెత్తిస్తున్నాను. మార్కులు తగ్గితే ఇంకో రెండు రౌండ్లు. క్రమశిక్షణ వస్తుందని. మీరేమంటారు?*

జవాబు: మానేయండి అంటాను. నిద్ర కోసి పరుగు అతికించడం లాభం లేని బేరం. పరుగుని శిక్షగా వాడటం అంతకంటే చెడ్డది. నా వృత్తిలోవాళ్లే ఈ పాపం ఎక్కువ చేశారు, హోంవర్క్ చేయనివాడికి గ్రౌండ్ చుట్టూ రౌండ్లు. అలా పెరిగినవాడికి పెద్దయ్యాక బూట్లు కట్టుకోబుద్ధి కాదు. ఏ ఆట ఇష్టమో అడగండి. సాయంత్రం మీరూ వెళ్లి అవతలి వైపు నిలబడి బంతి వేయండి.

*ప్రశ్న: మేడం, నాకు 16. ఫ్రెండ్స్ అందరూ జిమ్‌కి వెళ్తున్నారు. నాకూ సన్నగా ఉన్నానని ఫీలింగ్. జిమ్‌కి వెళ్తే హైట్ ఆగిపోతుందని నాన్న అంటారు. ప్రొటీన్ పౌడర్ వాడకపోతే వేస్ట్ అని ట్రైనర్ అంటాడు. ఎవరి మాట వినాలి?*

జవాబు: ఇద్దరి మాటా వద్దు బాబూ. సరైన పద్ధతిలో, పక్కన తెలిసినవాళ్లు ఉండి చేయిస్తే బరువుల వల్ల పొడుగు ఆగదు. అమెరికాలో పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ పీడియాట్రిక్స్ అకాడమీ, కూడా ఇదే చెప్తోంది. దెబ్బలు తగిలేది పందేల వల్ల. ‘ఎవడు ఎంత ఎత్తుతాడో చూద్దాం’ అన్న చోట నుంచి బయటికి వచ్చెయ్. ఎముకల పెరుగుదల పూర్తయ్యేవరకు ఉన్న శక్తంతా పెట్టి ఒక్కసారి ఎత్తే బరువుల జోలికి వెళ్లొద్దు.

మొదట ఉత్త కర్ర పట్టుకుని స్క్వాట్ చెయ్యి, అంటే కుర్చీలో కూర్చున్నట్టు కిందికి దిగి లేవడం. మడమలు నేల వదలకూడదు, మోకాళ్లు లోపలికి పడకూడదు, నడుము గూనిలా వంగకూడదు. పన్నెండోసారి కూడా మొదటిసారిలాగే ఉంటే అప్పుడు బరువు పెంచు. పుషప్స్, పుల్‌అప్స్ ఇంట్లోనే చేసుకోవచ్చు, వాటిని చులకనగా చూడకు. ఈ రకం వ్యాయామం వారానికి మూడు రోజులు చాలు, మిగతా రోజులు ఆడు.

పౌడర్ లెక్క నువ్వే వేసుకో. నీ వయసువాడికి కిలో బరువుకి రోజుకి ఒక గ్రాము కంటే కాస్త తక్కువ ప్రొటీన్ సరిపోతుంది. 60 కిలోలుంటే సుమారు 50 గ్రాములు. రెండు గుడ్లలో 12, అర లీటరు పాలూ పెరుగులో 16, పెద్ద కప్పు ఉడికిన పప్పులో 15, గుప్పెడు వేరుశనగల్లో 7. అయిపోయింది. గట్టిగా ఆడేవాడికి ఇంకొంచెం ఎక్కువ కావాలి, దానికి ఇంకో గుడ్డు ఉంది, చికెన్ ఉంది, సోయా ఉంది. డబ్బాలో ఏం కలిపారో చాలాసార్లు కొన్నవాడికీ తెలియదు, అమ్మినవాడికీ తెలియదు. అన్నట్టు ఆ ట్రైనర్ పౌడర్ కూడా తనే అమ్ముతున్నాడేమో చూడు. ఎనర్జీ డ్రింకుల సంగతి నువ్వు అడగలేదు, నేనే చెప్తున్నాను: నీ వయసులో అసలు వద్దు. గుండె దడ, నిద్ర పట్టకపోవడం వాటిలోని కెఫీన్ వల్లే.

ఇంకొకటి. ఈ వయసులో మగపిల్లలు ముందు పొడుగు సాగి, కండ తరువాత పడుతుంది. ఏడాది ఆగు.

*ప్రశ్న: టీచర్ గారూ, మా అమ్మాయికి 13 ఏళ్లు. ఏడాదిలో బాగా లావైంది. మెడ వెనక నల్లగా మట్టి పట్టినట్టుంది, ఎంత రుద్దినా పోదు. మా ఆడపడుచులు వచ్చినప్పుడల్లా ‘ఏమే బొద్దూ’ అంటారు. రాత్రిపూట తిండి మాన్పించి డైటింగ్ చేయిద్దామా?*
*– ఒక అమ్మ*

జవాబు: ముందు ఆ రుద్దడం ఆపండమ్మా, చర్మం పుండవుతుంది. అది మట్టి కాదు. మెడ వెనక, చంకల్లో ముఖమల్‌లా మందంగా, నల్లగా మారడాన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడానికి అది చాలాసార్లు గుర్తు. పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఆలస్యం చేయొద్దు. బరువు ఎక్కువో కాదో కూడా డాక్టర్ తేల్చాలి. పెద్దవాళ్ల బీఎంఐ అంకెలు, అంటే ఎత్తుకి తగ్గ బరువు లెక్క, పిల్లలకి పనికిరావు, వయసుని బట్టి, ఆడా మగా అన్నదాన్ని బట్టి వేరే చార్టులుంటాయి. యుక్తవయసు ముందు కాస్త ఒళ్లు రావడం మామూలే కూడా.

డైటింగ్ మాత్రం వద్దే వద్దు. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డయాన్ న్యూమార్క్-స్టైనర్ బృందం యుక్తవయసు పిల్లలని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది. డైటింగ్ చేసిన పిల్లలు ఐదేళ్ల తరువాత సన్నబడకపోగా, చేయనివాళ్లకంటే ఎక్కువ బరువు పెరిగారు. వాళ్ల పరిశోధనల్లోనే ఇంకొకటి తేలింది: ఇంట్లో పిల్లల బరువు గురించి మాట్లాడే తల్లిదండ్రుల పిల్లల్లో డైటింగ్, తిన్నది కక్కుకోవడం లాంటివి ఎక్కువ. బరువు ఊసెత్తకుండా మంచి తిండి గురించి మాత్రమే మాట్లాడిన ఇళ్లలో తక్కువ.

కాబట్టి చేయాల్సిందేదైనా ఇంటిల్లిపాదికీ చేయండి. కూర ఎక్కువ వండితే అందరికీ. నూనెలో వేయించినవి తగ్గిస్తే అందరికీ. రాత్రి నడకకి వెళ్తే అందరూ, సన్నగా ఉన్న అన్నయ్య కూడా. ఒక్కపిల్ల పళ్లెం మాత్రమే వేరుగా ఉంటే అది శిక్షే. ఆ పిల్ల రాత్రి పదకొండింటికి వంటగదిలో చీకట్లో ఏదో తింటూ దొరుకుతుంది, అప్పుడు ఇద్దరూ ఏడవాలి.

మీ ఆడపడుచులతో మీ వారు మాట్లాడాలి. మీరు కాదు, ఆయనే. వాళ్ల అన్నో తమ్ముడో కదా. ‘దాని ఒంటి గురించి ఈ ఇంట్లో ఎవరూ మాట్లాడరు’ అని ఒక్క ముక్క, పిల్ల లేనప్పుడు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి, ఇది మిగతా తల్లిదండ్రులకి కూడా. పిల్లలు అందరితో కూర్చుని తినడం మానేసినా, తినగానే బాత్‌రూమ్‌కి పరిగెడుతున్నా, వదులు బట్టల్లో దాక్కుంటున్నా, జ్వరంలో కూడా వ్యాయామం ఆపకపోయినా, ఆడపిల్లకి మూడు నెలలు నెలసరి ఆగినా మొండితనం అనుకోకండి. అది జబ్బు కావచ్చు, త్వరగా చూపిస్తే నయమవుతుంది.

*ప్రశ్న: నాకు 17. పరీక్షల ఏడాది. ఆటలకి టైమ్ వేస్ట్ చేయొద్దంటున్నారు ఇంట్లో. రోజుకి గంట వ్యాయామం అని మీరు పోయినసారి రాశారు. ఎక్కణ్నుంచి తేను ఆ గంట?*

జవాబు: ఒక్కచోట నుంచి తేనక్కర్లేదు. 5 నుంచి 17 ఏళ్లవాళ్లకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారం మొత్తం మీద రోజుకి సగటున 60 నిమిషాలు. ట్యూషన్‌కి సైకిల్ మీద వెళ్లు, అది పోనూ రానూ లెక్కే. ప్రతి గంట చదువు తరువాత పది నిమిషాలు తాడాట ఆడు, లేదా మెట్లు ఎక్కి దిగు. ఆదివారం గంటన్నర క్రికెట్ ఆడు, దాని గురించి ఇంట్లో ఎవరికీ సంజాయిషీ ఇవ్వకు. అమ్మానాన్నలకి: కదలకుండా కూర్చున్నవాడు ఎనిమిది గంటలూ చదవడు, పుస్తకం తెరిచి పెట్టుకుని ఫ్యాన్ వైపు చూస్తాడు. నేను చాలా స్టడీ అవర్లు కాపలా కాశాను.

*ప్రశ్న: టీచర్ గారూ, నాకు 12. మా అమ్మ మీరు రాసేవన్నీ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటిస్తోంది. నీళ్లు తాగడానికి వెళ్లినా మీ మాటలే కనిపిస్తున్నాయి. ప్లీజ్ తీసేయమని చెప్పండి.*

జవాబు: అమ్మా, తీసేయండి. ఇది కూడా. ఆ చోట సరుకుల చీటీ ఒకటి అంటించి, కింద పెన్సిల్ కట్టండి. ఈ వారం కూరగాయల్లో రెండు మీ పిల్ల రాస్తుంది, ఏది రాస్తే అది తేవాలి. ఒకటి తనే వండాలి. ఉప్పెక్కువైనా మీరు తినాలి, మొహం చిట్లించకుండా.